పుచ్చకాయల మనిషి పేరు ఫే రిచర్డ్స్: ఫిల్మ్ సొసైటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

తెలుగునాట ఫిల్మ్ సొసైటీలు నడుపుతున్న పెద్దలకు, మిత్రులకు,

నమస్కారం. మీలో చాలామందికి నేను ముఖపరిచయం ఉన్నదాన్నే. ప్రదర్శనకు ముందు కుర్చీలు వేసేటప్పుడు, అయ్యాక చర్చలో వెనక వరసలో నన్ను చూసే ఉంటారు. ఇరాన్ సినిమా, జపాన్ సినిమా, బెంగాలీ సినిమా అన్నీ మీరు చూపించగా చూసి, అసలు సినిమా ఎలా చూడాలో నేర్చుకున్నదాన్ని. ఆ రుణం మరిచిపోకుండానే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటేడు ఒక సొసైటీకి నేనొక ప్రతిపాదన పంపాను. నల్లజాతి లెస్బియన్ స్త్రీలు తీసినవీ, వారి జీవితాల గురించి తీసినవీ అయిన స్వతంత్ర చిత్రాలను నెలకొకటి చొప్పున చూపిద్దామని, తెలుగు సబ్‌టైటిల్స్ నేనే రాసిస్తానని అడిగాను. రెండు నెలల తరవాత జవాబు వచ్చింది. ఇవి మన ప్రేక్షకులకు సంబంధం లేని సినిమాలనీ, అంతగా కావాలంటే జూన్‌లో, స్వలింగ ప్రేమికుల హక్కుల కోసం జరుపుకునే ప్రైడ్ నెల సందర్భంగా ఏదో ఒకటి పెడదామనీ, అందులోనూ ఇబ్బంది పెట్టే సన్నివేశాలు లేనిది చూసి చెప్పమనీ అందులో ఉంది. అది ఏ సొసైటీయో చెప్పను. అది ఒక్కరి అభిప్రాయమే అయితే ఈ మాటలు నలుగురిలో పెట్టవలసిన పని ఉండేది కాదు. ఆ జవాబులో రెండు ముక్కలున్నాయి: ఒకటి 'సంబంధం లేదు', రెండోది 'ఏదో ఒకటి'. మొదటిదానికంటే రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక సినిమా గురించి చెప్పాలి.

షెరిల్ డున్యే 1966లో లైబీరియా రాజధాని మన్రోవియాలో పుట్టి, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెరిగిన దర్శకురాలు. నల్లజాతి నటీమణుల చరిత్ర కోసం వెతుకుతున్న రోజుల్లో, పాత హాలీవుడ్ చిత్రాల్లో దాసీ వేషాలు వేసిన స్త్రీలలో చాలామందికి టైటిల్స్‌లో పేరు కూడా వేయలేదని ఆమె గమనించింది. వారిలో స్త్రీలను ప్రేమించినవారు ఎవరైనా ఉంటే వారి జాడ తెలిసే దారే లేదు. అప్పుడామె తీసిన సినిమా 'ది వాటర్‌మెలన్ ఉమన్'. నల్లజాతి లెస్బియన్ దర్శకత్వం వహించిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రంగా సినిమా చరిత్రలో దానికి స్థానం ఉంది. 1996లో బెర్లిన్ చిత్రోత్సవంలో, స్వలింగ ప్రేమికుల జీవితాల మీద వచ్చిన చిత్రాలకు ఇచ్చే టెడ్డీ అవార్డు గెలుచుకుంది.

కథ చిన్నది. ఫిలడెల్ఫియాలో ఒక వీడియో దుకాణంలో పనిచేసే అమ్మాయి పేరు కూడా షెరిల్, ఆ వేషం వేసింది దర్శకురాలే. 1930ల నాటి ఒక సినిమా క్యాసెట్‌లో దాసీ వేషం వేసిన ఒక అందమైన నల్లజాతి నటి ఆమె కంటబడుతుంది. టైటిల్స్‌లో ఆ నటికి వేసిన పేరు 'ది వాటర్‌మెలన్ ఉమన్', అంటే పుచ్చకాయల మనిషి. మనకు పుచ్చకాయ అంటే ఎండాకాలం రోడ్డుపక్క పోసి అమ్మే కాయ, అంతకుమించి ఏమీ లేదు. అమెరికాలో అలా కాదు. బానిసత్వం రద్దయ్యాక స్వేచ్ఛ పొందిన నల్లవాళ్లు పుచ్చకాయలు పండించి అమ్ముకుని సొంత కాళ్ల మీద నిలబడితే, అది ఓర్వలేని తెల్లవాళ్లు ఆ కాయనే వాళ్ల సోమరితనానికి, తిండిపోతుతనానికి గుర్తుగా మార్చి, బొమ్మల్లోనూ పాటల్లోనూ నాటకాల్లోనూ వెక్కిరించారు. ఒక నటికి తన పేరు తీసేసి ఆ వెక్కిరింతనే పేరుగా పెట్టారన్నమాట. షెరిల్ ఆమె అసలు పేరు కోసం గ్రంథాలయాల్లో వెతుకుతుంది, వీధిలో పోయేవాళ్లను అడుగుతుంది, సొంత తల్లిని కూడా కెమెరా ముందు కూర్చోబెట్టి అడుగుతుంది. ఆ తల్లి పాత్రలో కనిపించేది డున్యే సొంత తల్లే. చివరికి ఫే రిచర్డ్స్ అనే పేరు దొరుకుతుంది. ఆమెకు ఒక తెల్లజాతి దర్శకురాలితో ప్రేమ ఉండేదని, తరవాత జూన్ అనే నల్లజాతి స్త్రీతో చాలా ఏళ్లు కలిసి బతికిందని తెలుస్తుంది.

అంతా అయ్యాక తెర మీద ఒక మాట పడుతుంది: ఈ ఫే రిచర్డ్స్ కల్పిత పాత్ర అని, ఒక్కోసారి మన చరిత్రను మనమే సృష్టించుకోవలసి వస్తుందని. మొదటిసారి చూసినప్పుడు ఆ మాట దగ్గర నేను క్యాసెట్ వెనక్కి తిప్పినంత పని చేశాను. ఎందుకంటే అప్పటిదాకా ఫే రిచర్డ్స్ ఫోటోలన్నీ నిజమనే నమ్మాను. అంచులు నలిగిన స్టూడియో ఫోటోలు, పార్టీలో నవ్వుతున్న ఫోటోలు, వయసు మీదపడ్డాక ఇంట్లో తీసిన ఫోటోలు, ఇలా 70కి పైగా చిత్రాలను జో లెనార్డ్ అనే ఛాయాచిత్రకారిణి నటులతో తీసి, పాతబడినట్టు చేసి ఇచ్చింది. ఆ ఫోటోలు ఈనాడు విడిగా ఒక కళాఖండంగా న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం సేకరణలో ఉన్నాయి. లేని మనిషికి ఫోటో ఆల్బమ్ తయారుచేయవలసి వచ్చిందంటే, ఉన్న మనుషుల ఫోటోలు ఎన్ని పోయి ఉంటాయో అనిపిస్తుంది.

ఈ దేశంలో సినిమా చరిత్ర చదువుకున్న మీకు ఆ వెలితి తెలియనిది కాదు. మలయాళ సినిమా తొలి కథానాయిక పి.కె. రోజీ దళిత స్త్రీ. తెర మీద నాయర్ స్త్రీగా కనిపించినందుకు ఆమె మీద దాడి చేసి ఊరు వదిలి పోయేలా చేశారు. ఆమె నటించిన ఆ మూగచిత్రం ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. మీ సభ్యుల్లో ఎవరికైనా రోజీ గురించి చెప్పి, ఆ తరవాత ఫే రిచర్డ్స్ కథ చూపించండి. 'సంబంధం లేదు' అనే మాట ఎవరి నోటా రాదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే స్వతంత్ర సినిమా అనే మాటకు అర్థం అక్కడే ఉంది. డున్యే సినిమాకు మొత్తం అయిన ఖర్చు 3 లక్షల డాలర్లు. మిత్రులు ఇచ్చినది, చందాలు పోగుచేసినది కాక, అమెరికా ప్రభుత్వ కళల నిధి నుంచి వచ్చిన గ్రాంటు 31,500 డాలర్లు. ఒక పత్రిక ఆ సినిమాలోని ఒక ప్రణయ సన్నివేశాన్ని పట్టుకుని, ప్రజల సొమ్ము ఇలాంటివాటికా అని రాసింది. అది చదివిన పీటర్ హోక్‌స్ట్రా అనే రిపబ్లికన్ ప్రతినిధి ఆ గ్రాంటు మీద కళల నిధి అధ్యక్షురాలికి ఫిర్యాదు లేఖ రాశాడు. సినిమాలో ఎక్కువ భాగం ఒక అమ్మాయి కాగితాల్లో ఒక పేరు కోసం వెతకడమే అయినా, చట్టసభ దాకా వెళ్లింది మాత్రం ఆ కొద్ది నిమిషాల సన్నివేశం. ఇబ్బంది లేనిది చూసి చెప్పమని నాకు వచ్చిన జవాబు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ గొడవే. సొసైటీవారికి ఆ ప్రతినిధితో పోలిక కడుతున్నానని అపార్థం చేసుకోవద్దు. సన్నివేశాన్ని చూసి సినిమాను కొలిచే అలవాటు ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడమే నా ఉద్దేశం. మనం ఆ అలవాటును 1998లో స్వదేశంలోనే చూశాం. ఇద్దరు స్త్రీల ప్రేమ కథాంశంగా దీపా మెహతా తీసిన 'ఫైర్' విడుదలైనప్పుడు థియేటర్ల మీద దాడులు జరిగితే, ఆ సినిమా పక్షాన నిలబడినవారిలో మన ఫిల్మ్ సొసైటీల మిత్రులు ఉన్నారని పెద్దలు చెప్పగా విన్నాను. ఆ సినిమా కూడా 1996 నాటిదే.

ఇక రెండో ముక్క, 'ఏదో ఒకటి' అన్న మాట. సత్యజిత్ రాయ్ సినిమా ఒక్కటి చూపించి బెంగాలీ సినిమా అయిపోయిందని మీరు ఏనాడూ అనలేదు. ఒక్క సినిమాను నెత్తిన పెట్టి, ఇదే నల్లజాతి లెస్బియన్ జీవితం అని చూపిస్తే, ఆ సినిమా ఒక మనిషి కథగా మిగలదు, ఒక జాతి మొత్తానికీ నమూనా అయిపోతుంది. బాగుంటే అందరూ బాగున్నట్టు, అందులో అమ్మాయి తప్పు చేస్తే అందరూ అలాంటివాళ్లేనన్నట్టు చూస్తారు. 'వాటర్‌మెలన్ ఉమన్' ఈ ప్రమాదాన్ని తన కడుపులోనే పెట్టుకుంది. కథ చివర జూన్ అనే ఆ వృద్ధురాలు షెరిల్‌కు ఒక ఉత్తరం రాస్తుంది. ఫే జీవితం అంటే తెల్ల దర్శకురాలితో నడిచిన ప్రేమకథ ఒక్కటే అన్నట్టు వెతుకుతున్నందుకు ఆమె మనసు నొచ్చుకుంటుంది, తామిద్దరం బతికిన బతుకు ఏమైందని అడుగుతుంది. జూన్ పాత్ర వేసింది షెరిల్ క్లార్క్ అనే నల్లజాతి లెస్బియన్ కవయిత్రి. నల్లజాతి స్త్రీల మధ్యనే ఒకే కథను ఎవరు, ఎలా చెప్పాలన్న తగవు ఆ ఉత్తరంలో ఉంది. ఒక్క సినిమాతో సరిపెడదామన్నప్పుడు ఈ తగవు వినబడదు.

అందుకే వరుస కావాలంటున్నాను. డున్యే సినిమా తరవాత 15 ఏళ్లకు, 2011లో, డీ రీస్ తీసిన 'పరయా' అమెరికాలో స్వతంత్ర చిత్రాలకు పేరున్న సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శనకు వచ్చింది. అదే పేరుతో 2007లో ఆమె తీసిన లఘుచిత్రమే దానికి మూలం. బ్రూక్లిన్‌లో 17 ఏళ్ల అలీకే, కవిత్వం రాసుకునే పిల్ల. తండ్రి పోలీసు శాఖలో పనిచేస్తాడు, తల్లి చర్చి విషయంలో నిష్ఠగల మనిషి. సినిమా మొదట్లోనే ఒక సన్నివేశం ఉంది. రాత్రి క్లబ్బు నుంచి ఇంటికి తిరిగి వస్తూ అలీకే ఒక్కతే సిటీ బస్సులో కూర్చుని ఉంటుంది. ఇల్లు దగ్గరపడుతుండగా తలకు కట్టుకున్నది తీసేస్తుంది, పైన వేసుకున్న వదులు చొక్కా విప్పేస్తుంది, చెవులకు పోగులు పెట్టుకుంటుంది. అమ్మ చూడదగిన కూతురిగా మారి బస్సు దిగుతుంది. మాట ఒక్కటీ లేదు.

ఈ సినిమాను మా ఇంట్లో అయిదుగురికి చూపించాను. డిగ్రీ చదువుతున్న ఒకమ్మాయి అందరూ వెళ్లిపోయాక ఆగి, ఆ బస్సు ముక్క మళ్లీ ఒకసారి వేయమంది. వేశాను. తను కూడా విజయవాడ బస్టాండులో ఊరి బస్సు ఎక్కే ముందు జీన్స్ మార్చుకుని చుడీదార్ వేసుకుంటానని, చున్నీకి పిన్నులు బ్యాగులో ఎప్పుడూ ఉంటాయని చెప్పింది. అంతకుమించి తను చెప్పలేదు, నేను అడగలేదు.

సబ్‌టైటిల్స్ రాసేటప్పుడు ఈ సినిమా నన్ను పేరు దగ్గరే ఆపేసింది. ఇంగ్లీషులో ఆ మాటకు వెలివేయబడిన మనిషి అని అర్థం. ఆ మాట ఇంగ్లీషులోకి పోయింది మన పక్కనుంచే, తమిళనాట పరయర్ అనే కులం పేరునుంచి. పరై అనే డప్పు వాయించేవారి పేరది. వలస పాలకులు దాన్ని పట్టుకుపోయి తిట్టుగా వాడుకుంటే, అది ప్రపంచమంతా తిరిగి, ఎక్కడో బ్రూక్లిన్‌లో ఒక నల్లజాతి పిల్ల కథకు పేరై మళ్లీ నా బల్ల మీదకు వచ్చింది. దాన్ని తెలుగులో ఎలా రాయాలి? కులం పేరును అలాగే దించితే మన మధ్య బతుకుతున్న మనుషులను అవమానించినట్టే. మా పొరుగింటావిడ విని 'పరాయా?' అని అడిగింది. ఆ పొరపాటు వినడానికి బాగానే ఉంది, కానీ పరాయి అంటే మనకు చెందనివాడు, ఇక్కడ ఆ పిల్ల సొంత ఇంట్లోనే బయటిది అయింది. చివరికి 'వెలి' అని పెట్టాను. వెలివాడ అనే మాట ఎరిగిన భాషకు అంతకంటే వివరించనక్కర్లేదనిపించింది. ఇలాంటిదే మరొక ఇబ్బంది 'మగరాయుడు' అనే మాటతో వచ్చింది. అలీకే తల్లి కూతురిని కోప్పడేటప్పుడు ఆ మాట సరిగ్గా అతికింది, ఎందుకంటే మన తల్లులు తిట్టేది కూడా అదే మాటతో. కానీ మగపిల్లల బట్టలు వేసుకునే అలీకే స్నేహితురాలు లారా, తనను గురించి గర్వంగా చెప్పుకునేచోట అదే తిట్టు ఎలా పెట్టను? ఆ ఒక్క మాట కోసం మూడు రాత్రులు కూర్చున్నాను. ఆ మాట లేకుండానే వాక్యం తిప్పి రాశాను.

'పరయా' ఛాయాగ్రహణానికి బ్రాడ్‌ఫోర్డ్ యంగ్‌కు సన్‌డాన్స్‌లో పురస్కారం వచ్చింది. దీన్ని సాంకేతిక విషయంగా పక్కన పెట్టవద్దని కోరుతున్నాను. కలర్ ఫిల్మ్ వచ్చిన కొత్తలో కొడాక్ సంస్థ రంగులు సరిచూసుకోవడానికి లాబొరేటరీలకు పంపిన కార్డు మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ బొమ్మ. షర్లీ కార్డు అనేవారు దాన్ని. ఆమె చర్మం బాగా కనబడితే ఫిల్మ్ బాగున్నట్టు. నల్లటి ముఖాలు చీకట్లో కలిసిపోతే అది ఎవరికీ లోపంగా తోచలేదు. 'పరయా'లో క్లబ్బు దీపాల ఊదా, ఎరుపు రంగులు అలీకే చెంప మీద పడినప్పుడు ఆ చర్మం ఎలా మెరుస్తుందో పెద్ద తెర మీద చూడాలి. నల్లని అమ్మాయిని నాయికగా పెట్టుకోవడానికి ఇంకా జంకుతున్న మన పరిశ్రమలో ఛాయాగ్రహణం నేర్చుకునే కుర్రవాళ్లను ఆ ప్రదర్శనకు ప్రత్యేకంగా పిలవండి.

డాక్యుమెంటరీల గురించి క్లుప్తంగా చెబుతాను. మిషెల్ పార్కర్సన్ 1987లో స్టోర్మే డిలార్వెరీ అనే గాయని మీద తీసిన చిన్న చిత్రం, ఆడా గే గ్రిఫిన్‌తో కలిసి ఆమె 1995లో కవయిత్రి ఆడ్రీ లార్డ్ మీద పూర్తిచేసిన చిత్రం, ఇవోన్ వెల్బన్ 1999లో రూత్ ఎలిస్ మీద తీసిన చిత్రం, ఈ మూడూ డున్యే సినిమాకు సరైన జవాబులు. రూత్ ఎలిస్ 1899లో పుట్టింది. డెట్రాయిట్‌లో ఆమె, ఆమె సహచరి ఉన్న ఇల్లు, నల్లవాళ్లను బార్లలోకి రానివ్వని ఆ రోజుల్లో, స్వలింగ ప్రేమికులైన నల్లజాతి యువతకు దశాబ్దాల పాటు చేరుకునే చోటుగా ఉండేది. సినిమా వచ్చేసరికి ఆవిడకు నూరేళ్లు. ఫే రిచర్డ్స్‌ను కల్పించుకోవలసి వచ్చింది, రూత్ ఎలిస్ మాత్రం కెమెరా ముందు కూర్చుని నవ్వుతూ మాట్లాడుతుంది. ఈ రెండూ ఒకే వారంలో చూపించగలిగితే ఎంత బాగుంటుందో.

ఆఫ్రికా నుంచి 'రఫీకీ' ఉండాలి. కెన్యా దర్శకురాలు వనూరి కహియు 2018లో తీసిన ఈ సినిమాలో కేనా, జీకీ అనే ఇద్దరు అమ్మాయిల తండ్రులు ఒకే ఎన్నికలో ప్రత్యర్థులు. కేన్స్ ఉత్సవానికి ఎంపికైన మొదటి కెన్యా సినిమా ఇదే, కానీ సొంత దేశంలో అక్కడి సినిమా వర్గీకరణ మండలి దీన్ని నిషేధించింది. ముగింపు మార్చమని, ఆ అమ్మాయిలు చేసినదానికి పశ్చాత్తాపపడినట్టు కనబడాలని మండలి కోరిందని, తాను ఒప్పుకోలేదని కహియు చెప్పింది. ఆమె కోర్టుకు వెళ్లగా, 2018 సెప్టెంబరు 21న హైకోర్టు ఏడు రోజులపాటు నిషేధం సడలించింది. నైరోబీలో టికెట్లు దొరకలేదు. అంతకు 15 రోజుల ముందే, సెప్టెంబరు 6న, మన సుప్రీంకోర్టు ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలను 377వ సెక్షన్ కింద నేరంగా చూడటాన్ని కొట్టివేసింది. మన 377, కెన్యా శిక్షాస్మృతిలోని 162 రెండూ బ్రిటిష్ పాలకులు పెట్టిపోయినవే. కెన్యా హైకోర్టు 2019 మే నెలలో తమ సెక్షన్లను నిలబెట్టింది. మనకు పోయిన చట్టం వారికి మిగిలిపోయింది. 'సంబంధం' గురించి ఇంతకంటే దగ్గరి మాట నా దగ్గర లేదు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఎంపిక చేసే అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో 'ది వాటర్‌మెలన్ ఉమన్' 2021లో, 'పరయా' 2022లో చేరాయి. గుర్తింపు వచ్చిందన్నమాట. అయితే ఎక్కడో భద్రంగా ఉన్న ప్రింటు మన ఊళ్లో ఎవరి కళ్లబడుతుంది? అది మీ చేతుల్లో ఉంది.

నేను కోరేవి ఇవి. ఈ సినిమాలను జూన్ నెలకు పరిమితం చేయకుండా, మీ మామూలు నెలవారీ ప్రదర్శనల్లో వరుసగా పెట్టండి. 'వెలి'తో మొదలుపెడితే కొత్తవారికి సులువు. హక్కులు ఉన్నవారికి డబ్బు చెల్లించి తెప్పించండి. ఆ స్త్రీలు అణా అణా పోగుచేసి తీసిన సినిమాలను ఎక్కడినుంచో దించుకుని చూపించడం న్యాయం కాదు, అందుకు చందా వేయడానికి నాతోపాటు మరికొందరు సిద్ధంగా ఉన్నారు. కోత లేకుండా చూపించండి, ఎవరికైనా ఇబ్బంది అనుకుంటే ముందే పెద్దలకు మాత్రమే అని ప్రకటించండి. పోస్టర్ మీద దర్శకురాలి పేరు సినిమా పేరంత పెద్దగా వేయండి. చర్చ నడిపేవారికి ఒక్క విన్నపం: ఒక ప్రదర్శన తరవాత నా ముందే ఒక పెద్దమనిషి, ప్రశ్న అడిగిన అమ్మాయిని, 'నీకెందుకమ్మా ఈ ఆసక్తి, నువ్వు కూడానా?' అని అందరిలో అడిగారు. ఆ అమ్మాయి మళ్లీ ఏ ప్రదర్శనకూ రాలేదు. అలాంటి ప్రశ్న వచ్చినప్పుడు వేదిక మీద ఉన్నవారు అక్కడికక్కడే ఆపాలి.

తెలుగు సబ్‌టైటిల్ ఫైళ్లు నాలుగు సినిమాలకు సిద్ధంగా ఉన్నాయి. డున్యే సినిమాలో జూన్ రాసిన ఉత్తరం దగ్గర రెండు వాక్యాలు మాత్రం ఇంకా కుదరలేదు. ఒక వృద్ధురాలు తన కూతురి వయసు పిల్లను మందలిస్తూనే దీవించే ఆ స్వరం తెలుగులో దొరకడానికి మా అమ్మమ్మ పాత ఉత్తరాలు తిరగేస్తున్నాను. ప్రదర్శన తేదీ చెప్పండి, అప్పటికి అవి కూడా పూర్తిచేసి పంపుతాను.

ఇట్లు,
మీ పాత సభ్యురాలు